శిశువు చెంత శిష్యురాలు: డాక్టర్ మారియా మాంటిస్సోరి

మన ఇళ్ళలో బిడ్డకు నాలుగు సంవత్సరాల నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన నాడు బిస్మిల్లా వేడుక జరిపే ఆచారం తరతరాలుగా వస్తున్నది. బిడ్డకు కొత్త బట్టలు తొడిగి, పెద్దల సమక్షంలో కూర్చుండబెట్టి, తొలి అక్షరాలు పలికిస్తారు. బంధుమిత్రులకు మిఠాయి పంచుతారు. పొరుగున ఉన్న హిందూ సోదరులు ఇంచుమించు అదే ఈడులో బిడ్డ చేత పలకపై దిద్దించి అక్షరాభ్యాసం చేయిస్తారు. ఈ రెండు వేడుకల వెనుక ఉన్న భావం ఒక్కటే. బిడ్డకు చదువు నాటితో ప్రారంభమవుతున్నదని మన నమ్మకం.

అయితే ఆ నాటికే ఆ బిడ్డ నేర్చినది ఎంత ఉన్నదో మనం ఎన్నడైనా లెక్కించామా? తల్లి ముఖాన్ని గుర్తించడం, మెడ నిలపడం, బోర్లా పడడం, కూర్చోవడం, నిలబడడం, నడవడం, పరుగెత్తడం, అన్నిటికీ మించి మాట్లాడడం. దక్షిణ రాయలసీమలో అదైనా ఒక్క భాష కాదు. చిత్తూరులోనో తిరుపతిలోనో పుట్టిన మన బిడ్డ ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు పలుకుతుంది. కుప్పం, పలమనేరు ప్రాంతాలలో దానికి తమిళమో కన్నడమో తోడవుతుంది. ఎవరితో ఏ భాష మాట్లాడాలో నాలుగేళ్ళ బిడ్డకు చక్కగా తెలుసు. వ్యాకరణం చెప్పిన వారు లేరు, పరీక్ష పెట్టిన వారు లేరు. భాషాబోధన వృత్తిగా గల మాబోటి వారు పదిహేనేళ్ళ విద్యార్థికి ఒక సంధిసూత్రం నేర్పడానికి పడే శ్రమను తలచుకున్నప్పుడు ఈ విషయం మాకు అద్భుతంగా తోస్తుంది.

ఈ అద్భుతాన్ని అద్భుతమని వదలివేయక, దాని లోగుట్టును జీవితాంతం అన్వేషించిన మహనీయురాలు డాక్టర్ మారియా మాంటిస్సోరి. ఆమె ఇటలీ దేశస్థురాలు. కాని మానవుని తొలి మూడేళ్ళను గురించి ఆమె చేసిన ఆలోచన పరిణతి పొందినది చాలవరకు మన దేశంలో. అందులోనూ మన చిత్తూరు జిల్లా మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న రోజులలో, ఆ మద్రాసు నగరపు అడయారులోనే ఆమె భారతదేశ ప్రస్థానం ఆరంభమైనది. ఆమె జీవితం మన విద్యార్థులకు తెలియవలసినదని భావించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

వైద్యవిద్య

మారియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియారవల్లె అనే చిన్న పట్టణంలో జన్మించారు. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి. తల్లి రెనిల్డే పుస్తకపఠనంలో ఆసక్తి గల విదుషి. 1875లో కుటుంబం రోము నగరానికి తరలివచ్చినది. ఆడపిల్ల చదివితే ఉపాధ్యాయురాలు కావలసిందే తప్ప వేరు దారి లేని రోజులవి. ఆమె మాత్రం గణితంపై మక్కువతో పదమూడవ ఏట సాంకేతిక పాఠశాలలో చేరి, ఇంజనీరు కావాలని ఆశించారు. తరువాత మనసు వైద్యశాస్త్రం మీదికి మళ్ళినది. తండ్రికి అది ఇష్టం లేదు. తల్లి మాత్రం కుమార్తె పక్షాన నిలిచినది.

వైద్య కళాశాలలో ఆమె పడిన అవస్థ చిన్నది కాదు. పురుషుల సరసన నిలబడి ఒక స్త్రీ మృతదేహాన్ని పరీక్షించడం అమర్యాద అన్న కారణంగా, అందరూ వెళ్ళిపోయిన తరువాత సాయంవేళ ఆమె ఒంటరిగా ఆ పని చేయవలసి వచ్చేది. అన్నిటినీ ఓర్చుకొని 1896లో వైద్య పట్టభద్రురాలై, ఇటలీలోని తొలితరం మహిళా వైద్యులలో ఒకరుగా నిలిచారు. అదే సంవత్సరం బెర్లిను నగరంలో జరిగిన మహిళా మహాసభలో పాల్గొని, స్త్రీ శ్రామికులకు పురుషులతో సమానమైన వేతనం ఇవ్వాలని వాదించారు.

పిమ్మట రోము విశ్వవిద్యాలయపు మానసిక చికిత్సాలయంలో పనిచేస్తూ ఆమె పిచ్చాసుపత్రులను సందర్శించేవారు. బుద్ధిమాంద్యం గల పిల్లలను ఆ రోజులలో ఉన్మాదులతో కలిపి ఉంచేవారు. అటువంటి ఒక గదిలో పిల్లలు భోజనమైన తరువాత నేలపై రాలిన రొట్టెముక్కల కోసం పాకులాడుతున్నారట. అది తిండియావ అని అక్కడి ఆయా అసహ్యించుకున్నది. మాంటిస్సోరి చూపు వేరు. ఆ గదిలో ఆ ముక్కలు తప్ప చేతితో పట్టుకోవడానికి మరొక వస్తువు లేదని ఆమె గమనించారు. పిల్లల ఆకలి కడుపుది కాదు, చేతులది. ఇటార్డ్, సెగాన్ అనే ఫ్రెంచి వైద్యుల రచనలను ఆమె శ్రద్ధగా చదివి, తాకి, పట్టి, అమర్చి నేర్చుకునే పరికరాలను తయారు చేయించారు. 1900లో అటువంటి పిల్లల కోసం ఏర్పడిన పాఠశాలకు సహసంచాలకురాలైనారు. ఎందుకూ కొరగారని తీసివేసిన పిల్లలలో కొందరు సాధారణ విద్యార్థుల పరీక్షలలో కృతార్థులైనారు. అందరూ ఆమెను అభినందించారు. ఆమె మనసులో మాత్రం మరొక ప్రశ్న మెదిలినది. ఈ పిల్లలే ఇంత సాధించగలిగితే, ఆరోగ్యవంతులైన పిల్లలు వీరితో సమానంగా మాత్రమే ఎందుకు ఉన్నారు? వారిని అడ్డుకుంటున్నది ఏమిటి?

దూరమైన బిడ్డ

మహనీయుల చరిత్ర వ్రాసేవారు వారి జీవితంలోని వేదనలను దాటవేయడం కద్దు. ఆ పద్ధతి మాకు సమ్మతం కాదు. ఆ పాఠశాల సహసంచాలకుడైన డాక్టర్ జుసెప్పే మాంటెసానోకూ మారియాకూ 1898 మార్చి 31న ఒక కుమారుడు కలిగాడు. పేరు మారియో. వారికి వివాహం కాలేదు. విషయం బయటపడితే ఆమె వృత్తి, పరువు ఆనాటితో ముగిసేవి. అందుచేత బిడ్డను పల్లెలోని ఒక కుటుంబానికి పెంపకానికి అప్పగించారు. కొంతకాలానికి మాంటెసానో మరొకరిని వివాహమాడారు. ఆమె ఆ పాఠశాలను విడిచిపెట్టారు. అప్పుడప్పుడు పల్లెకు వెళ్ళి కుమారుని చూసివచ్చేవారు కాని, తానెవరో చెప్పుకోలేదు. తల్లి మరణించిన తరువాత, 1913 ప్రాంతంలో, పదిహేనేళ్ళ మారియో ఆమె వద్దకు చేరాడు. అప్పటికీ లోకానికి అతడు ఆమె మేనల్లుడుగానో పెంపుడు బిడ్డగానో పరిచయమైనాడు.

శిశువు తొలి సంవత్సరాలే జీవితానికి పునాది అని ప్రపంచానికి చాటిన తల్లి, తన బిడ్డ తొలి అడుగును చూడలేదు, తొలి పలుకును వినలేదు. ఈ వెలితే ఆమెను ఇతరుల బిడ్డల వైపు నడిపించినదని మేము తీర్పు చెప్పజాలము. కాని ఆమె జీవితాన్ని చదివేవారెవరూ ఈ సత్యాన్ని మరచి ముందుకు పోలేరు.

శిశు గృహం

1907 జనవరి 6న రోము నగరంలోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో తొలి శిశు గృహం ప్రారంభమైనది. అక్కడి పాత భవనాలను బాగుచేయించిన సంస్థకు ఒక చిక్కు వచ్చిపడినది. తల్లిదండ్రులు కూలికి వెళ్ళిన వేళ, బడి ఈడు రాని పిల్లలు గోడలు, మెట్లు పాడుచేస్తున్నారు. వారిని ఒక గదిలో చేర్చి చూసుకొనే బాధ్యత మాంటిస్సోరికి అప్పగించారు. ఆరంభంలో సుమారు 50 మంది పిల్లలు. విద్యాసంస్కరణ కోసం కాక, గోడల రక్షణ కోసం ఆరంభమైన గది అది.

ఆమె ఆ గదిలో పిల్లల ఎత్తుకు తగిన కుర్చీలు, బల్లలు వేయించారు. పరికరాలను పిల్లల చేతికందే అరలలో ఉంచారు. తరువాత చేసిన పని చూడడం. ఒకనాడు మూడేళ్ళ బాలిక కొయ్యదిమ్మెలోని గుంటలలో కొయ్య బిళ్ళలను అమరుస్తూ, తీస్తూ, మరల అమరుస్తూ ఉన్నది. చుట్టూ పిల్లల చేత పాటలు పాడించినా ఆమె తల ఎత్తలేదు. కుర్చీతో సహా ఎత్తి బల్లపై కూర్చుండబెడితే, దిమ్మెను ఒడిలో పెట్టుకొని పని సాగించినది. నలభై సార్లకు పైగా ఆ పని చేసి, తనంత తానుగా ఆపి, సేదతీరినదానివలె చిరునవ్వుతో చుట్టూ చూసినది. బిడ్డలకు నిలకడ లేదన్న పెద్దల నమ్మకం ఆ నాటితో ఆమెకు పోయినది. నిలకడ లేనిది బిడ్డకు కాదు, బిడ్డను ఒక పనిలో ఉండనీయని పెద్దలకే.

ఈ పద్ధతిని వివరించే ఆమె గ్రంథం 1909లో వెలువడినది. అనతికాలంలోనే అనేక భాషలలోకి వెళ్ళినది. 1915లో సాన్ ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో గాజు గోడల తరగతి గదిలో పిల్లలు పనిచేసుకుంటుండగా జనం బయట నిలబడి చూశారు. 1929లో అంతర్జాతీయ మాంటిస్సోరి సంఘం ఏర్పడినది. అయితే ఆమె జీవితంలో విమర్శకు తావిచ్చిన ఘట్టమూ ఉన్నది. 1924 నుండి ముస్సోలినీ ప్రభుత్వపు ఆదరణను ఆమె స్వీకరించారు. బిడ్డ స్వేచ్ఛకూ నియంతృత్వానికీ పొత్తు కుదరదని తేలడానికి పదేళ్ళు పట్టినది. 1934లో ఆ బంధం తెగి ఆమె స్వదేశాన్ని వీడారు. 1936లో స్పెయినులో అంతర్యుద్ధం చెలరేగడంతో అక్కడి నుండీ వెళ్ళి, హాలెండులో తలదాచుకున్నారు.

అడయారులో

మన దేశానికి ఆమె పేరు అప్పటికే సుపరిచితం. గుజరాతులో గిజుభాయి బధేకా 1920లోనే భావనగరులో బాలమందిరం స్థాపించి, ఆమె భావాలను మన వాతావరణానికి అనుగుణంగా మలచారు. 1931లో మహాత్మాగాంధీ లండనులో ఆమెను కలుసుకున్నారు. 1939లో దివ్యజ్ఞాన సమాజాధ్యక్షులు జార్జి అరండేలు, ఆయన సతీమణి రుక్మిణీదేవి ఆమెను అడయారుకు ఆహ్వానించారు. 1915లో మదనపల్లెలో అనిబిసెంటు కళాశాల స్థాపించిన కారణంగా మన ప్రాంతం వారికి ఆ సమాజం కొత్తది కాదు. 69 ఏళ్ళ వయసులో, నవంబరు మాసంలో, ఆమె మారియోతో కలసి విమానంలో మద్రాసు చేరారు. దేశం నలుమూలల నుండి వచ్చిన సుమారు 300 మంది ఆమె తొలి శిక్షణ తరగతిలో చేరారు. ఆమె ఇటాలియనులో చెప్పేది, మారియో ఇంగ్లీషులోకి మార్చేవారు.

కొద్ది నెలలుండి పోదామనుకొని వచ్చిన ఆమె 1946 వరకు తిరిగి వెళ్ళలేకపోయారు. 1940 జూన్ 10న ఇటలీ యుద్ధంలోకి దిగినది. ఇటాలియనులు బ్రిటిషు ప్రభుత్వానికి శత్రుదేశస్థులైనారు. మారియోను అహమ్మదునగరు నిర్బంధ శిబిరానికి తరలించారు. ఆమెను అడయారు ఆవరణ దాటరాదన్నారు. నలభై రెండేళ్ళ క్రితం లోకానికి జడిసి దూరం చేసుకున్న బిడ్డను ఈసారి యుద్ధం దూరం చేసినది. ఆ ఆగస్టు 31న ఆమెకు 70 ఏళ్ళు నిండాయి. ఆ సందర్భంగా వైస్రాయి నుండి తంతి వచ్చినది. జన్మదిన కానుకగా ఆమె కుమారుని ఆమెకు తిరిగి ఇస్తున్నామన్నది దాని సారాంశం. అంతకాలం లోకం ఎదుట పలకలేకపోయిన కుమారుడనే మాట ఒక ప్రభుత్వపు తంతిలో ఆమెను చేరినది.

1942 నుండి సుమారు రెండేళ్ళు ఆమె కొడైకెనాలులో గడిపారు. ఈ నిర్బంధపు ఏళ్ళలోనే ఆమె దృష్టి మూడేళ్ళు నిండిన బిడ్డ నుండి వెనుకకు, అప్పుడే పుట్టిన పసికందు వైపు సాగినది. చంకన బిడ్డతో సంతకు వెళ్ళే తల్లుల విషయం ఆమె ప్రత్యేకంగా ప్రస్తావించారు. తల్లి బేరమాడుతుంటే బిడ్డ వింటుంది. రంగులు, మనుషులు, తగవులు, నవ్వులు అన్నీ చూస్తుంది. తల్లి ఒంటిని అంటిపెట్టుకొని లోకమంతా తిరుగుతుంది. అట్టి బిడ్డలు ఏడ్చేది తక్కువ అని ఆమె గుర్తించారు. పట్నవాసపు ఐరోపాలో తొట్టిలో ఒంటరిగా పడుకోబెట్టే పద్ధతి కన్న ఈ పేద తల్లుల పద్ధతి మేలని ఆమె తలచారు. తిరుపతి కూరగాయల అంగళ్ళలో మనం నిత్యం చూసే దృశ్యమే ఇది. చూసి సాగిపోతాము. ఆమె నిలబడి చూశారు.

ఆమె కనుగొన్నది

అహమ్మదాబాదులో ఆమె ఇచ్చిన ఉపన్యాసాల ఆధారంగా ది అబ్సార్బెంట్ మైండ్ అనే గ్రంథం 1949లో అడయారు నుండి వెలువడినది. అందలి ముఖ్యాంశాన్ని మా మాటలలో చెబుతాము. పెద్దలు జ్ఞానాన్ని పాత్రలో నీరువలె నింపుకుంటారు. పాత్ర వేరు, నీరు వేరు. శిశువు అట్లు కాదు. తాను పీల్చుకున్న దానితోనే తన మనసును నిర్మించుకుంటుంది. భాష, నడక, మర్యాద, భయం, ప్రేమ అన్నీ ఆ నిర్మాణంలో ఇటుకలే. ఆరేళ్ళ వరకు సాగే ఈ దశలో మొదటి మూడేళ్ళు తెలియకుండానే గ్రహిస్తుంది. తరువాతి మూడేళ్ళు చేతులతో పనిచేస్తూ తెలిసి గ్రహిస్తుంది. భాషకు, కదలికకు, వస్తువుల క్రమానికి వేరువేరు అనుకూల కాలాలు ఉంటాయి.

ఇందుకు ఆమె చూపిన ఉదాహరణ ఒకటి మాకు బాగా నాటినది. ఆరు నెలల పాప ఉన్న గదిలోకి ఒక స్త్రీ వచ్చి తన గొడుగును బల్లపై పెట్టినది. పాప ఏడుపు లంకించుకున్నది. గొడుగు కావాలని ఏడుస్తున్నదనుకొని చేతికిస్తే తోసివేసినది. తల్లికి ఏదో స్ఫురించి గొడుగును పక్క గదిలోకి తీసుకుపోగానే పాప శాంతించినది. బల్లపై గొడుగు ఉండడం పాప ఎరిగిన క్రమానికి విరుద్ధం. మనం మొండితనం అని కొట్టివేసే ఎన్ని ఏడుపులలో ఎన్ని అర్థాలు ఉన్నాయో కదా!

నేటి శిశువైద్యం ఆమె చెప్పిన కాలపు ప్రాముఖ్యాన్ని లెక్కలతో చూపుతున్నది. మన దేశంలో సగటున మూడు కిలోలకు కొంచెం తక్కువగా పుట్టే బిడ్డ బరువు ఐదు నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు అవుతుంది. సుమారు 50 సెంటీమీటర్ల పొడవు ఏడాదికి 75, నాలుగేళ్ళకు 100 అవుతుంది. అంటే బిస్మిల్లా వేడుక నాటికి బిడ్డ పుట్టినప్పటికి రెట్టింపు ఎత్తు ఉంటుంది. పుట్టినప్పుడు పెద్దవారి మెదడులో నాలుగో వంతు ఉండే మెదడు, ఐదేళ్ళకు సుమారు 90 శాతం బరువు సంతరించుకుంటుంది. రెండు నెలలకు పలకరింపు నవ్వు, మూడు నాలుగు నెలలకు మెడ నిలపడం, ఎనిమిదో నెల ప్రాంతంలో ఆసరా లేక కూర్చోవడం, ఏడాదికి కాస్త అటూ ఇటూగా తొలి అడుగు, తొలి పలుకు, రెండేళ్ళకు రెండు మాటల వాక్యం. అందరు బిడ్డలకూ వరుస ఇంచుమించు ఒక్కటే, వేగంలో మాత్రం తేడా ఉంటుంది. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు పంచిన మన తెలుగు అవ్వలు ఈ వరుసను ఏ శాస్త్రం చదవకనే ఎరుగుదురు.

ఆమె చెప్పినదంతా శిలాశాసనం కాదు. బిడ్డల ఊహాప్రపంచానికి, కల్పనాక్రీడకు ఆమె ఇవ్వవలసినంత స్థానం ఇవ్వలేదని విజ్ఞులు విమర్శించారు. అనుకూల కాలం దాటితే తలుపు పూర్తిగా మూసుకుపోదని కూడా తరువాతి పరిశోధనలు తెలిపాయి. అయినా, బోధించడానికి ముందు చూడాలి అన్న ఆమె మూలసూత్రం చెక్కుచెదరలేదు.

1947లో ఆమె మరల మన దేశానికి వచ్చి 1949 వరకు ఉన్నారు. ఆ పదేళ్ళలో ఆమె వద్ద శిక్షణ పొందిన వారు వేయిమందికి పైగా ఉంటారు. 1949, 1950, 1951లలో నోబెలు శాంతి బహుమతికి ఆమె పేరు ప్రతిపాదింపబడినది. 1952 మే 6న హాలెండులోని నూర్డ్‌వైక్ అనే సముద్రతీర గ్రామంలో ఆమె కన్నుమూశారు. మరణశాసనంలో మారియోను తన కుమారుడని పేర్కొన్నారు.

మన కర్తవ్యం

1955లో విజయవాడలో డాక్టర్ కోటేశ్వరమ్మగారు మాంటిస్సోరి పేరుతో పాఠశాల స్థాపించినది మొదలు తెలుగునాట ఆ పేరు ఇంటింటి మాట అయినది. నేడు వీధివీధినా ఆ పేరు గల బోర్డులు కనిపిస్తాయి. ఆమె తొలి గృహం కూలివారి బిడ్డల కోసం వెలసినదన్న సంగతి మాత్రం మరుగున పడినది. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద ఏర్పడిన అంగన్‌వాడీలు ఆరేళ్ళలోపు బిడ్డల కోసం ఉన్నాయి. ఆమె స్ఫూర్తికి అవి దగ్గరి బంధువులు. అక్కడ పనిచేసే తల్లులను మనం గౌరవించవలసి ఉన్నది.

గత సంవత్సరం మా ఇంట పది నెలల పాప ఒకతె చెంచాను మంచం మీది నుండి కింద పడవేయడం, ఇచ్చిన వెంటనే మరల పడవేయడం చేస్తున్నది. పెద్దలు విసుగుకొని చెంచాను దాచిపెట్టారు. మేమూ వారిలో ఒకరమే. ఆ తరువాత శాన్ లొరెంజో బాలిక కథ గుర్తుకు వచ్చి, చెంచాను తిరిగి ఇచ్చి ఊరక కూర్చున్నాము. పాప పదిహేడు సార్లు పడవేసినది. ప్రతిసారీ అది పడిన చోటు చూసినది, చప్పుడు విన్నది. పదిహేడవసారి తరువాత తనంతట తాను వదలిపెట్టినది. పాఠం చెప్పడంలో పదేళ్ళు గడిపిన మాకు, ఆ పూట పాఠం చెప్పినది ఆ పసిది.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో అనేకులు ఈ కళాశాల విడిచిన కొద్ది ఏళ్ళలో తల్లులు, తండ్రులు కాబోతున్నారు. మీ పాఠ్యక్రమంలో రాజుల యుద్ధాలు ఉన్నాయి, లోహాల గుణాలు ఉన్నాయి. పసిబిడ్డ ఎట్లు పెరుగుతుందో చెప్పే పుట ఒక్కటి లేదు. ఆ పుటను మీరే వ్రాయవచ్చును. రానున్న వేసవి సెలవులలో మీ ఇంటనో పొరుగింటనో ఉన్న ఒక బిడ్డను రోజుకు పావుగంట మౌనంగా చూడండి. చూసినది ఒక నోటుపుస్తకంలో, ఉర్దూలోగాని తెలుగులోగాని, తేదీ వేసి వ్రాయండి. కళాశాల కమిటీ పెద్దలు ఆ పుస్తకాలలో మేలైన వాటిని గ్రంథాలయంలో భద్రపరిపించి, శిశు వికాసంపై పదిమందికి అర్థమయ్యే గ్రంథాలు కొన్ని తెప్పిస్తే, అది రాబోయే తరానికి మన కళాశాల అందించే కానుక కాగలదు.

నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజుల నాడు మనం బిడ్డ ముందు పుస్తకం తెరుస్తాము. అప్పటికి నాలుగేళ్ళుగా ఆ బిడ్డ మన ముందు తెరచిన పుస్తకమై ఉన్నది. దానిని చదవడం నేర్చుకున్న నాడే మనం ఆ వేడుకకు అర్హులమవుతాము.